మంచం మీది నుంచి చూచిన నర్సు

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం ఒక కథల సంపుటిని సమీక్షిస్తూ అందులోని ఒక ఘట్టాన్ని నేను ప్రత్యేకంగా మెచ్చుకొన్నాను. ప్రాణాపాయస్థితిలో ఉన్న తండ్రి మంచం పక్కన కొడుకు కూర్చొని ఉంటాడు. నర్సు వస్తుంది. రోగి ముఖం వంక చూడదు. చేతి గడియారం వంక చూస్తుంది. వెళ్ళిపోతుంది. అంతే. ఆసుపత్రి నిర్దయను ఇంత పొదుపుగా చూపిన రచన ఇటీవల రాలేదని వ్రాశాను. ఆ సమీక్ష ప్రతి ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. అందులో పొరపాటు ఏమిటో తెలిసిరావడానికి మా అమ్మ జబ్బు పడవలసి వచ్చింది.

కోస్తా జిల్లాలలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో ఆమె మంచం దగ్గర నేను పదకొండు రాత్రులు గడిపాను. మా ప్రాంతపు పెద్దవాళ్ళు ఇంకా ధర్మాసుపత్రి అనే అంటారు. మంచాలు ముప్పైయెనిమిది, రాత్రివేళ నర్సు ఒక్కరు. మొదటి రాత్రే ఆ నర్సు వచ్చి, అమ్మ ముఖం వంక చూడకుండా, గడియారం వంక చూస్తూ నిలబడింది. నేను చదివి మెచ్చుకొన్న కథ కళ్ళ ముందు నడుస్తున్నట్లు అనిపించింది. "గడియారం చూడడానికేనా వచ్చారు? మనిషి ఎట్లా ఉన్నదో చూడరేమండీ?" అన్నాను. ఆమె కోపగించలేదు. "ఒక్క నిమిషమండీ, లెక్క తప్పింది" అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆమె లెక్కపెడుతున్నది సెలైన్ చుక్కలను. ఒక లీటరు ఎనిమిది గంటలలో ఎక్కవలెనంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు రాల్చే గొట్టమైతే, నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. గుండె బలహీనంగా ఉన్న ముసలి మనిషికి ఆ వేగం మించితే ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రమాదమున్నది. కాబట్టి ఒక కన్ను చుక్క మీద, ఒక కన్ను గడియారం మీద. రోగి ముఖం వంక చూడకపోవడమే ఆ నిమిషంలో రోగిని చూచుకోవడం. నేను మాట్లాడించి ఆ నిమిషాన్ని చెడగొట్టాను. ఇరవై ఏళ్ళ కిందట ఒక కథను మెచ్చుకొని అటువంటి నిమిషాన్నే మరొక విధంగా చెడగొట్టాను.

ఇది ఆ కథకుని తప్పు మాత్రమే అయితే ఈ వ్యాసం అవసరం లేదు. మన కథలలో, నవలలలో, నాటకాలలో, సినిమాలలో నర్సు ఎక్కడ కనిపించినా మంచం మీది నుంచి, లేదా మంచం పక్క బల్ల మీది నుంచి కనిపిస్తుంది. రచయిత పడుకొని ఉంటాడు. ఆమె నిలబడి ఉంటుంది. పడుకొన్న మనిషికి పైన వంగిన ముఖం కనిపిస్తుంది, తెల్లబట్ట కనిపిస్తుంది, సూది కనిపిస్తుంది. ముఖం నవ్వితే దేవత, నవ్వకపోతే రాతిగుండె. వయస్సులో ఉన్న రోగికైతే ప్రేయసి. ఆ ముఖం అక్కడికి రాకముందు ఎక్కడున్నది, ఇక్కడి నుంచి ఎక్కడికి పోతున్నది, తక్కిన ముప్పైయేడు మంచాల దగ్గర ఏమి జరుగుతున్నది అన్నవి అతనికి కనిపించవు. కనిపించకపోవడం రోగికి సహజమే. రచయితకు అదే చాలునా అన్నది ప్రశ్న.

మన ప్రాచీనులు ఈ విషయంలో మనకంటె స్పష్టంగా ఉన్నారు. చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పిన అధ్యాయమొకటి ఉన్నది: వైద్యుడు, ద్రవ్యం, ఉపస్థాత, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు. ఉపస్థాతకు, అంటే రోగి దగ్గర నిలిచి ఉండే పరిచారకునికి చెప్పినవి ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం. ఆ మాటలోనే నిలబడి ఉండడం ఉన్నది, గమనించారా? చరకుడు మొదట అడిగినది పని తెలుసునా అని. రెండవది, చేయి చురుకైనదేనా అని. ప్రేమ మూడవది. శ్లోకంలో వరుసకు ఛందస్సే కారణమని పండితులు అనవచ్చును, అననివ్వండి. నాలుగింటిలో ఒకటైన అనురాగాన్ని పట్టుకొని తక్కిన మూడింటినీ వదిలిపెట్టడానికి మనకు ఏ ఛందస్సు కారణం?

ఇంగ్లీషువారి సాహిత్యం ఈ దారిలో మరొక చివర నుంచి బయలుదేరింది. 1843-44లో భాగాలుగా వెలువడిన 'మార్టిన్ చజిల్‌విట్' నవలలో డికెన్సు సృష్టించిన సెయిరీ గాంప్ తాగుబోతు నర్సు. ఆమె చేతిలోని గొడుగు ఎంత ప్రసిద్ధమైనదంటే ఇంగ్లీషులో గొడుగుకే గాంప్ అన్న పేరు వచ్చింది. అది అన్యాయమైన చిత్రణ అని ఆ వృత్తిలోని వారు చెప్పుకొన్నారు, నిజమే కావచ్చును. కాని డికెన్సు ఆమె చేతులను చూచాడు. రాత్రి కాపలాకు వచ్చిన ఆ మనిషి రోగి తలకింది దిండును లాగి తన కుర్చీలో వేసుకొంటుంది. ఒక్క దిండుతో ఆ పాత్ర ఎన్నటికీ చెరగదు. మన దేవతా నర్సుల చేతిలో దిండు ఎక్కడున్నదో నాకు జ్ఞాపకం రావడంలేదు.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' నుంచి కొన్ని అధ్యాయాలను అనువదించడానికి నేనొకప్పుడు ప్రయత్నించాను. దీపం పట్టుకొన్న దేవి బొమ్మను మనస్సులో పెట్టుకొని ఆ పుస్తకం తెరిచినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. అందులో కరుణ అనే మాట కోసం వెతుక్కోవాలి. గాలి, చప్పుడు, వెలుతురు, పక్కబట్టలు, గంజి మాత్రం పుష్కలంగా ఉన్నవి. రోగి గది గుమ్మం అవతల గుసగుసలాడడం గట్టిగా మాట్లాడడం కంటె హానికరమంటుంది. పరామర్శకు వచ్చి నీకేమీ లేదు, రేపే లేచి తిరుగుతావు అని చెప్పే బంధువుల మీద ఒక అధ్యాయమే వ్రాసింది. నాలుగు బత్తాయిలూ హార్లిక్సు సీసా పట్టుకొని వచ్చి, మంచం అంచున కూర్చొని, మా వేలువిడిచిన మేనమామకు సరిగ్గా ఇట్లాగే వచ్చి పోయాడని చెప్పే మన పెద్దమనుషులను ఆమె ఎప్పుడు చూచినదో!

ఆ పుస్తకంలో నన్ను ఆపివేసినది ఒక అధ్యాయం పేరు: పెటీ మేనేజ్‌మెంట్. చిల్లర పెత్తనం అంటే తిట్టు అవుతుంది. అల్ప నిర్వహణ అంటే ఏమీ కాదు. నేనున్నప్పుడు జరిగే పని నేను లేనప్పుడు కూడా జరిగేటట్లు ఏర్పాటు చేసి వెళ్ళడమని ఆమె భావం. అది లేనిచోట తక్కిన నేర్పంతా వృథా అని ఆమె వాదం. కరణాల కచేరీలలో నలిగిన 'అజమాయిషీ' దగ్గర ఆగాను గాని తృప్తి కలుగలేదు. ఆ మాటకు తెలుగు దొరకకపోవడం నా అసమర్థత కావచ్చును. కాని అసలు ఆ భావం మన సాహిత్యంలో పాత్రల మధ్య ఎన్నడైనా నడిచినదా? నర్సు ఉద్యోగంలో అన్నిటికంటె నాటకీయమైన ఘట్టం డ్యూటీ మారే వేళ. ఒకరు తనకు తెలిసినదంతా మరొకరికి అప్పగించి ఇంటికి పోవాలి. మరచిపోయిన ఒక్క మాటకు ఒక ప్రాణం వెల కావచ్చును. పావుగంటలో ముప్పైయెనిమిది జీవితాల కథనం. కథకులమైన మనం ఆ కథనాన్ని వినడానికి పోలేదు.

పోయినవాళ్ళు కొందరున్నారు. అమెరికా రచయిత్రి లూయీసా మే ఆల్కాట్ అంతర్యుద్ధకాలంలో, 1862 డిసెంబరులో, వాషింగ్టన్ చెంతనున్న జార్జ్‌టౌన్ ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఆరువారాలకే టైఫాయిడ్ తగిలి ఇల్లు చేరింది. 1863లో వెలువడిన ఆమె 'హాస్పిటల్ స్కెచెస్'లో కథ చెప్పే నర్సుకు ట్రిబ్యులేషన్ పెరివింకిల్ అని వేళాకోళపు పేరు. కష్టాలమ్మ అనుకోండి. యుద్ధరంగం నుంచి క్షతగాత్రులు బండ్లలో వచ్చి పడుతున్న రోజున ఆమెకు అప్పగించిన మొదటి పని ఏమిటి? పరాయి మగవాళ్ళ బట్టలు విప్పించి, బురదా రక్తమూ కడిగి, ఒళ్ళు తోమడం. పెళ్ళికాని ఆడది, ఏ గాయానికైనా సిద్ధపడి వచ్చింది గాని సబ్బుబిళ్ళకు సిద్ధపడి రాలేదు. ఆ సబ్బుబిళ్ళను గట్టిగా పట్టుకొని పనిలోకి దిగడంలో ఉన్న హాస్యం, సిగ్గు, ధైర్యం, ఈ మూడూ కలిసి ఆ పుస్తకాన్ని నేటికీ నిలబెట్టుతున్నవి.

మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలోని ఫ్రెంచి సైనికాసుపత్రిలో పనిచేసిన ఎలెన్ లా మోట్ మరొక మెట్టు పైకి పోయింది. 1916లో వచ్చిన ఆమె 'బాక్‌వాష్ ఆఫ్ వార్' మొదటి కథనంలో ఒక సైనికుడు తన్ను తాను కాల్చుకొంటాడు, చావడు. అతనిని ఆసుపత్రికి తెస్తారు. నయం చేయాలి. ఎందుకు? నయమైన తరువాత సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టి కాల్చివేయడానికి. రాత్రి వార్డులో కట్లు కట్టుతూ నర్సు ఆలోచిస్తుంది: ఈ మనిషిని బాగుచేయడం వ్యర్థమైతే, బాగుచేసి తిరిగి కందకాలలోకి పంపే తక్కినవారి సంగతి ఏమిటి? 1918లో అమెరికాలో ఆ పుస్తకాన్ని అమ్మకం నుంచి తొలగించారు. పక్కలు సర్దుతూ దేవతలా నవ్వే నర్సు వల్ల ఏ ప్రభుత్వానికీ భయం లేదు. కట్టు కట్టుతూ ఆలోచించే నర్సు వల్ల భయమున్నది.

ఇక మన ఇంటికి వస్తాను. తెలుగువారికి నర్సు అనగానే జ్ఞాపకం వచ్చేది 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' సినిమాలో సావిత్రి. దాని మూలం బెంగాలీలో ఆశుతోష్ ముఖోపాధ్యాయ కథ. 1959లో సుచిత్రా సేన్‌తో 'దీప్ జ్వేలే జాయ్'గా వచ్చింది. 1969లో హిందీలో 'ఖామోషీ' అయింది. మతి చలించిన రోగికి ప్రేమ నటించి నయం చేయవలసిందని వైద్యుడు నర్సును నియోగిస్తాడు. మొదటివాడు నయమై వెళ్ళిపోతాడు. రెండవవానికి మళ్ళీ నటించాలి. నటన ఎక్కడ ఆగినదో ఆమెకే తెలియక, చివరకు ఆమె అదే ఆసుపత్రిలో రోగిగా మిగులుతుంది.

ఈ కథను ఊరికే కొట్టిపారవేయడం నాకు ఇష్టం లేదు. పరుల బాధను ఇంతకాలం మోసే మనిషి మీద ఆ బాధ కొంత మిగిలిపోతుందని, దానిని లెక్కపెట్టే వైద్యుడు లేడని చెప్పిన కథ అది. ఆ మాట అంతకు ముందు ఇంత గట్టిగా చెప్పినవారు అరుదు. అయితే ఏ మూల్యం చెల్లించి చెప్పింది? నర్సు దగ్గర ఉన్న ఒకే ఒక మందు ఆమె హృదయమని ఒప్పుకొని చెప్పింది. ఉపచారజ్ఞత లేదు, దాక్ష్యం లేదు, అనురాగమొక్కటే కరిగించి పోయించారు. వైద్యుడు తన ప్రయోగానికి తన హృదయాన్ని ఉపయోగించడు, తన శాస్త్రాన్ని ఉపయోగిస్తాడు. ఆమెకు శాస్త్రం లేదా? మూడు దేశభాషలలో లక్షలమంది కన్నీరు పెట్టుకొన్నారు. ఈ ప్రశ్న వేసినవారు కొద్దిమందే అయి ఉంటారు.

ఇందులో దోషం కొంత మన మాటలది. సేవ, కరుణ, త్యాగం, మాతృత్వం. ఈ నాలుగు మాటలు లేకుండా నర్సు మీద తెలుగులో ఒక పేజీ వ్రాయడం కష్టం. సేవ అన్న తరువాత జీతం అడగడం అసభ్యం; త్యాగం అన్న తరువాత సెలవు అడగడం మరీ అసభ్యం. 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు దేశమంతా పళ్ళాలు మోగించింది. ఆ రోజులలోనే అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్న యజమానులను గురించి పత్రికలు వ్రాశాయి. పొగడ్తకూ వెలివేతకూ మధ్య గోడ ఎంత పలుచనో!

జానపదుల భాష ఇంత మర్యాదస్తురాలు కాదు. మంత్రసానితనానికి ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినా పట్టవలసిందే అన్నది మన సామెత. మోటుది. కాని దానిలో చేతులున్నవి, ఆ చేతులలో ఏమి పడుతుందో ఉన్నది, ఒప్పుకోలు ఉన్నది. నర్సు పనిలో సగం మలమూత్రాలు, చీము, వాంతి. అంటు, మైల అనే భావాలు నరనరాన జీర్ణించుకొన్న సమాజంలో ఆ పనికి మొదట ముందుకు వచ్చిన ఆడవాళ్ళు ఎవరన్నది మన సాహిత్యం వ్రాయవలసిన చరిత్ర. అమెరికా లూథరన్ మిషన్ పంపగా 1883లో గుంటూరు వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. అటువంటి మిషను ఆసుపత్రులలోనే తెలుగు ఆడపిల్లలు కొందరు తొలిసారి ఈ పని శాస్త్రంగా నేర్చుకొన్నారు. వారిలో క్రైస్తవులు, విధవలు, నిమ్నకులాలవారు ఎక్కువ. మిగతావారి ఇళ్ళలో పిల్లను నర్సు చేయడమంటే పరువు పోవడం. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం ఈ దేశంలో సుమారు 43,000 మంది జనాభాకు ఒక నర్సు. ఆ కొరతకు కారణాలలో ఈ పరువు ఒకటి. మన సంస్కరణ సాహిత్యం వితంతువుకు పెళ్ళి చేసింది, బడిపంతులమ్మను చేసింది. తెల్లచీర కట్టించి వార్డులోకి పంపడానికి ఎంత వెనుకాడిందో పాత సంపుటాలు తిరగవేసి చూడండి.

సంభాషణల మాట కూడా చెప్పాలి. మన కథలలో నర్సు "మీరు విశ్రాంతి తీసుకోవాలి" అంటుంది. నేను విన్నంతలో ఏ నర్సూ ఆ వాక్యం పలకలేదు. "పెద్దమ్మా, కాస్త అటు ఒత్తిగిల్లు. మోషనయిందా? సిగ్గేమిటే, నేను చూడనిదా?" ఇది కోస్తా వార్డు. హైదరాబాదులో "అవ్వా, జర ఇటు మర్లు" అంటారు. ఢిల్లీలోనో ముంబాయిలోనో తెలుగు రోగి దొరికితే, కేరళ నుంచి వచ్చిన సిస్టరు తనకు తెలిసిన నాలుగు తెలుగు ముక్కలను మందుతోపాటు ఇస్తుంది. ఆ ముక్కలను సినిమాలవారు నవ్వించడానికి వాడుకొన్నారు. అవి ఏ అవసరంలో నేర్చుకొన్నవో పట్టించుకోలేదు. పెద్దమ్మా, తాతా, అన్నా అన్న వరుసలు ఊరికే ప్రేమతో పిలిచేవి కావు. పరాయి ఒంటి మీద చేయి వేయడానికి అనుమతి ఆ పిలుపులో ఉన్నది. వరుస కలుపుకొన్న తరువాతనే దుప్పటి తొలగించడం. ఇది నేర్పు, ఉపచారజ్ఞత అన్నది ఇదే. మరి ఆమెను అందరూ ఏమని పిలుస్తారు? సిస్టరు, నర్సమ్మ. జేబు మీద పేరు వ్రాసి ఉంటుంది. పదకొండు రాత్రులలో ఆ వార్డులో ఆ పేరు పెట్టి పిలిచినవారు నాకు వినిపించలేదు. నేనూ పిలువలేదు.

విచిత్రమేమిటంటే, నర్సు పని స్వరూపాన్ని సాహిత్యం చెప్పనిచోట ఒక న్యాయస్థానపు వ్యవహారం బయటపెట్టింది. 1973లో ముంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దారుణమైన దాడికి గురై, 2015లో కన్నుమూసేదాకా అక్కడే మంచానికి పరిమితమైపోయిన నర్సు సంగతి అందరికీ తెలిసినదే. ఆమెకు మరణం ప్రసాదించవలెనన్న అర్జీని సుప్రీంకోర్టు 2011లో తిరస్కరించింది. ఆ ఆసుపత్రి నర్సులు ఆమెను వదులుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ సందర్భంలో దేశమంతా చెప్పుకొన్న మాట ఒకటున్నది: ఇన్నేళ్ళలో ఆమె ఒంటి మీద ఒక్క పడకపుండు లేదు. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి ఒత్తిగిల్లజేయకపోతే పడకపుండు వస్తుంది. ఆ లెక్కన రోజుకు పన్నెండు సార్లు. ఆమెను మొదట ఎరిగినవారు ఉద్యోగ విరమణ చేసి వెళ్ళారు. తరువాతివారు ఆమెను మంచం మీదనే ఎరుగుదురు. నలభైయొక్క ఏళ్ళ అప్పగింత అది. పుండు లేకపోవడం అన్న ఆ లేమిని కథలో ఎట్లా చూపడం? జరగని దానిని వ్రాయడం కష్టమే. కాని ఈ వృత్తిలో నేర్పంతా ఏదో ఒకటి జరగకుండా చూడడంలోనే ఉన్నది. మన కథాశిల్పం ఏదో జరిగితే తప్ప కదలదు. ఇది రచయిత మిత్రులు ఆలోచించవలసిన శిల్పసమస్య అని నా మనవి.

నర్సులే వ్రాయాలి, తక్కినవారు వ్రాయరాదు అని నేననను. ఆల్కాట్ పనిచేసినది ఆరు వారాలే. వైద్యుడు వ్రాసిన ఆసుపత్రి కథలు మనకు కొన్ని ఉన్నవి. వాటిలో కూడా నర్సు వైద్యుని వెనుక ట్రే పట్టుకొని నిలబడి ఉంటుంది, అంటే మంచం మారింది గాని చూపు మారలేదు. కావలసినది ఒక రాత్రి లేచి నిలబడడం. ఆ ఎత్తు నుంచి చూస్తే మంచం మీది మనిషే కాదు, పక్క బల్ల మీద కూర్చొన్న మనిషి కూడా కనిపిస్తాడు. ఆ దృశ్యం రచయితకు అంత రుచించకపోవచ్చును.

పదకొండవ తెల్లవారుజామున అమ్మకు కాస్త నయంగా ఉన్నది. నేను బల్ల మీద కళ్ళు మూసుకొని ఉన్నాను, నిద్రపోతున్నాననుకొన్నారు. రాత్రి నర్సు రిజిస్టరు చేతిలో పట్టుకొని పగటి నర్సుకు మంచాలు అప్పగిస్తూ మా దగ్గరకు వచ్చింది. "పన్నెండో బెడ్డు. రాత్రి ఒకసారి వాంతి. యూరిన్ ఆరువందలు. మూడింటి నుంచి బాగా పడుకొన్నది, రెండుసార్లు తిప్పాను, వీపు శుభ్రంగా ఉన్నది. కొత్త సీసా ఆరింటికి పెట్టాను." ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించింది. "అటెండెంటుకు కాస్త కంగారు ఎక్కువ. చుక్కలు లెక్కపెట్టేటప్పుడు మాట్లాడిస్తారు, చూచుకో."